హెచ్-1బీ మీద ఉంటూ కెనడా పీఆర్ ల్యాండింగ్: బోర్డర్ దాటి, మళ్లీ అమెరికాకు రావడం ఎలా

కెనడా పీఆర్ (శాశ్వత నివాస హోదా) అప్రూవ్ అయిందని మెయిల్ వచ్చినంత మాత్రాన మీరు పీఆర్ అయిపోయినట్టు కాదు. చేతికి వచ్చేవి సీఓపీఆర్ (పీఆర్ ఖరారు పత్రం) అనే కాగితం, పాస్‌పోర్టులో ఒక వీసా స్టిక్కర్. గడువు లోపల కెనడా గడ్డ మీదికి వెళ్లి, ఆఫీసర్ ఎదురుగా సంతకం పెట్టినప్పుడే ఆ హోదా మొదలవుతుంది. అమెరికాలో హెచ్-1బీ (ఉద్యోగ వీసా) మీద ఉన్నవాళ్లు చాలామంది కారులో నయాగరా దగ్గరో, డెట్రాయిట్ దగ్గరో, సియాటిల్ పైన బ్లెయిన్ దగ్గరో బోర్డర్ దాటి, ఈ పని చూసుకుని వెనక్కి వచ్చేస్తారు. మనవాళ్లు దీన్నే సాఫ్ట్ ల్యాండింగ్ అంటారు.

కెనడా ఆఫీసర్ ఏమడుగుతాడో అన్నది అందరి బెంగ. నిజానికి అటువైపు పని తేలిక, ఎందుకంటే మీ ఫైలు పరిశీలన అంతా అప్పటికే ముగిసి ఉంటుంది. చిక్కొస్తే తిరుగు దారిలో, అమెరికా బూత్ దగ్గర వస్తుంది. కాబట్టి కాగితాలు సర్దడం తిరుగు ప్రయాణంతోనే మొదలుపెట్టండి.

ముందు తిరిగి రావడం సంగతి

పాస్‌పోర్టులో హెచ్-1బీ వీసా స్టాంపు గడువు ఇంకా ఉంటే ఇబ్బంది లేదు. స్టాంపు గడువు తీరిపోయి, ఐ-797 (అమెరికా ఇమిగ్రేషన్ శాఖ ఇచ్చే అప్రూవల్ నోటీసు) ఎక్స్‌టెన్షన్ మీద నడుస్తున్నవాళ్లకు ఆటోమేటిక్ వీసా రీవాలిడేషన్ అనే వెసులుబాటు ఉంది. అమెరికా నిబంధనల్లో 22 సీఎఫ్ఆర్ 41.112(డి) అన్న సెక్షన్ ఇది. కెనడాకో మెక్సికోకో వెళ్లి 30 రోజుల లోపల తిరిగొస్తే, గడువు తీరిన స్టాంపుతోనే లోపలికి రానిస్తారు. దానికి షరతులున్నాయి.

మొదటిది, మీ ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువులో ఉండాలి. ఎక్స్‌టెన్షన్ అప్రూవ్ అయినప్పుడు వచ్చే ఐ-797ఏ కింది భాగంలో ఉండే ఐ-94 ఇందుకు పనికొస్తుంది. ఎక్స్‌టెన్షన్ ఇంకా పెండింగ్‌లో ఉండి, పాత ఐ-94 అయిపోయి, చేతిలో రసీదు నోటీసు మాత్రమే ఉంటే అది చాలదు. ఈ తప్పు ఎక్కువగా జరిగేది హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్న భార్య లేదా భర్త విషయంలో. హెచ్-1బీ ఉన్నవాళ్లకు అదనపు ఫీజు కట్టే ప్రీమియంలో 15 పనిదినాల్లో అప్రూవల్ వచ్చేస్తుంది, హెచ్-4 కోసం వేసిన ఐ-539 దరఖాస్తు మాత్రం నెలల తరబడి అక్కడే ఉంటుంది. బయల్దేరే ముందు ఇంట్లో ప్రతి ఒక్కరి ఐ-94 తేదీ విడివిడిగా చూడండి. ఒకరిది బాగుందని అందరిదీ బాగున్నట్టు కాదు.

రెండోది, ఆ ట్రిప్పులో అమెరికా కాన్సులేట్‌లో కొత్త వీసాకు దరఖాస్తు పెట్టకూడదు. ఎలాగూ వెళ్తున్నాం కదా, టొరంటోలోనో వాంకూవర్‌లోనో స్టాంపింగ్ కూడా కానిచ్చేద్దాం అనుకున్నారంటే ఈ వెసులుబాటు వదులుకున్నట్టే. వీసా వస్తే సరే. అదనపు పరిశీలన పేరుతో 221(జి) కింద ఆపితే అది తేలేదాకా కెనడాలోనే ఉండాలి.

మూడోది, వీసా స్టాంపు మామూలుగా గడువు తీరినదై ఉండాలి, రద్దయినది కాకూడదు. నాలుగోది, కెనడా నుంచి ఇండియాకో మరో దేశానికో వెళ్లి రాకూడదు. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) నుంచి హెచ్-1బీకి అమెరికాలోనే మారి, ఒక్కసారీ హెచ్-1బీ స్టాంపింగ్‌కు వెళ్లనివాళ్లకు కూడా ఇది వర్తిస్తుంది. పాత ఎఫ్-1 స్టాంపునే మారిన స్టేటస్ వీసాగా లెక్కిస్తారు. అయితే ఆ స్టేటస్ మార్పు అప్రూవ్ అయిపోయి ఉండాలి. పెండింగ్‌లో ఉండగా దేశం దాటితే ఆ దరఖాస్తు వదిలేసినట్టే. ఐ-485 (గ్రీన్ కార్డు దరఖాస్తు) పెండింగ్‌లో ఉన్నవాళ్లు, రీవాలిడేషన్ మీద ఆధారపడే ముందు తమ లాయర్‌ని ఒక మాట అడగడం మంచిది.

తిరుగు ఫోల్డర్‌లో ఇవి పెట్టుకోండి: పాస్‌పోర్టు, స్టాంపు పాతదానిలో ఉంటే పాత పాస్‌పోర్టు కూడా, ఐ-797 ఒరిజినల్, సీబీపీ (అమెరికా సరిహద్దు శాఖ) సైటు నుంచి తీసిన ఐ-94 ప్రింటు, చివరి మూడు పే స్టబ్స్, ఈ మధ్య తేదీతో ఎంప్లాయర్ లెటర్. రీవాలిడేషన్ మీద వచ్చేవాళ్లు 41.112(డి) పేజీని, దాని మీద సీబీపీ సైటులో ఉన్న వివరణను కూడా ప్రింటు తీసి పెట్టుకోవాలి. ఈ నిబంధన రోజూ చూసే ఆఫీసర్లు పెద్ద వంతెనల దగ్గర ఉంటారు, అంతగా తగలని చిన్న చెక్‌పోస్టులో ఉన్నవాళ్లకు తట్టకపోవచ్చు. కాగితం చూపించి, అవసరమైతే సూపర్‌వైజర్‌ని మర్యాదగా అడగొచ్చు. విమానంలో కూడా ఈ నిబంధన చెల్లుతుంది గానీ, బోర్డింగ్ పాస్ ఇచ్చే ఎయిర్‌లైన్ కౌంటర్‌లోనే ఆపేసే అవకాశం ఉంది. అందుకే ఇలాంటివాళ్లకు కారు దారే మేలు. నియమాలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే వారంలో ఆ పేజీని ఇంకోసారి తెరిచి చూడండి.

కెనడా పీఆర్ తీసుకుంటే హెచ్-1బీ పోతుందేమో, గ్రీన్ కార్డు లైను చెడుతుందేమో అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. పోదు. హెచ్-1బీ, ఎల్-1 వీసాలకు మీ స్వదేశంలో ఇల్లుందని నిరూపించే షరతు లేదు. ఐ-140కీ (కంపెనీ వేసే గ్రీన్ కార్డు పిటిషన్), ప్రయారిటీ డేట్‌కీ (లైనులో మీ స్థానం తేల్చే తేదీ) కెనడా పీఆర్‌తో సంబంధం లేదు. ఎఫ్-1 మీద ఉన్నవాళ్ల లెక్క వేరు, వాళ్లకు వలస ఉద్దేశం గురించి గట్టి ప్రశ్నలే రావచ్చు.

సీఓపీఆర్ చేతికి రాగానే చూడాల్సినవి

గడువు తేదీ. మెడికల్ చేయించుకున్న తేదీ నుంచి ఏడాది, లేదా పాస్‌పోర్టు గడువు, ఏది ముందైతే దాన్నిబట్టి ఇస్తారు. పొడిగించరు. దాటిపోతే దరఖాస్తు మళ్లీ మొదటి నుంచి. పాస్‌పోర్టు ఈలోపు రెన్యూ చేయించినా, వీసా స్టిక్కర్ ఉన్న పాతది పారేయకుండా రెండూ తీసుకెళ్లాలి.

పేరు. మన పేర్లతో ఇక్కడ ఒక తమాషా ఉంది. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్నవాళ్లకు అమెరికా వీసా మీద ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతుంది, అసలు పేరు మొత్తం ఇంటిపేరు స్థానంలోకి వెళ్తుంది. కెనడా వాళ్లు కూడా పేరును ఫ్యామిలీ నేమ్‌లోనే వేస్తారు, కానీ రెండో గడి ఖాళీగా వదిలేస్తారు, ఎఫ్ఎన్‌యూ రాయరు. రెండు దేశాల కాగితాల్లో ఈ తేడా ఉండటం తప్పు కాదు, కంగారు పడొద్దు. అక్షరం తేడా, పుట్టిన తేదీ తేడా మాత్రం వెంటనే ఐఆర్‌సీసీకి (కెనడా ఇమిగ్రేషన్ శాఖ) రాయాల్సిన విషయాలు. సంతకం అయ్యాక దిద్దించుకోవడం వేరే దరఖాస్తు, వేరే నిరీక్షణ.

అన్నిటికంటే ముఖ్యం కుటుంబం. దరఖాస్తు పెట్టిన తర్వాత పెళ్లయినా, బిడ్డ పుట్టినా, విడాకులైనా ల్యాండింగ్‌కు ముందే ఐఆర్‌సీసీకి చెప్పి తీరాలి. చెప్పకుండా ల్యాండ్ అయితే, ఆ భార్యనో భర్తనో బిడ్డనో తర్వాత ఫ్యామిలీ క్లాస్ కింద స్పాన్సర్ చేసే వీలు పోతుంది. మూడు నెలల క్రితం ఇండియా వెళ్లి పెళ్లి చేసుకొచ్చి, ముందు మనం ల్యాండ్ అయిపోదాం, ఆమెను తర్వాత పిలిపించుకోవచ్చులే అనుకునే అబ్బాయిలు ఈ పేరా రెండుసార్లు చదవండి. ఇలాంటి మార్పు ఉంటే సీఓపీఆర్ ఉన్నా బోర్డర్ దగ్గరికి వెళ్లకూడదు. వెబ్‌ఫామ్‌లో రాసి, వాళ్ల జవాబు వచ్చేదాకా ఆగాలి.

దరఖాస్తులో ప్రధాన దరఖాస్తుదారు ఎవరో వాళ్లు ముందు ల్యాండ్ అవ్వాలి, లేదా అందరూ కలిసి. ప్రధాన దరఖాస్తుదారు లేకుండా మిగతావాళ్లు ముందుగా వెళ్లడం కుదరదు. అమెరికాలో పుట్టిన పిల్లలకు వీసా స్టిక్కర్ ఉండదు, సీఓపీఆర్ మాత్రం ఉంటుంది. వాళ్ల అమెరికన్ పాస్‌పోర్టు పట్టుకెళ్లండి. తల్లిదండ్రుల్లో ఒక్కరే పిల్లల్ని తీసుకెళ్తుంటే రెండోవాళ్ల అంగీకార పత్రం రాయించుకోండి.

బంగారం, సామాన్ల జాబితా

ఆ ఒక్క రోజే మీరు కొత్తగా స్థిరపడేవాళ్ల కింద, మీ సామాన్లను సుంకం లేకుండా తెచ్చుకునే హక్కు పొందుతారు. అప్పుడు తెచ్చేవి ఒక జాబితా, తర్వాత తెచ్చుకునేవి ఇంకో జాబితా. రెండోదాన్ని గూడ్స్ టు ఫాలో అంటారు. కస్టమ్స్ ఆఫీసర్ వాటిని చూసి బీఎస్ఎఫ్186 అనే ఫారం తయారు చేసి ఒక కాపీ ఇస్తాడు. రెండేళ్ల తర్వాత ట్రక్కులో సామాను తీసుకుని వచ్చినప్పుడు ఆ కాపీయే చూపించాలి.

సాఫ్ట్ ల్యాండింగ్‌కు వెళ్లేవాళ్లు బద్ధకించేది ఇక్కడే. చేతిలో ఒక్క బ్యాగుంది, జాబితా ఎందుకు అనుకుంటారు. కానీ ల్యాండింగ్ నాటికి మీ సొంతమై, మీరు వాడుతున్న వస్తువులకే ఈ మినహాయింపు. అమెరికా ఇంట్లో ఉన్న టీవీ, సోఫాలు, వంట సామాను, హైదరాబాద్ లాకర్‌లో ఉన్న నగలు, అన్నీ ఇప్పుడే రెండో జాబితాలో ఎక్కించాలి.

నగలను టోకున ‘గోల్డ్ జ్యువెలరీ’ అని రాసి వదిలేస్తే రేపు ఏ హారమో ఎలా తెలుస్తుంది? ఒక్కో నగకు ఒక వరుస రాయండి. ఉదాహరణకు: ‘కాసుల పేరు, 22 క్యారెట్లు, 64 గ్రాములు, ఫొటో 7, విలువ ఇంత’. కాసుల పేరు, వడ్డాణం, వంకీ అన్న మాటలు ఆఫీసర్‌కు అర్థం కావు కాబట్టి జాబితా ఇంగ్లీషులో, వస్తువు రూపం తెలిసేలా రాయాలి. తెల్ల గుడ్డ మీద పెట్టి తీసిన ఫొటోలకు నంబర్లు వేసి, అవే నంబర్లు జాబితాలో వేయండి. షాపు బిల్లు గానీ, విలువ కట్టించిన కాగితం గానీ ఉంటే జత చేయండి. బిల్లుల్లేని అమ్మమ్మ నగలకు విలువ కట్టిస్తే చాలు. ఎలక్ట్రానిక్ వస్తువులకు మోడల్, సీరియల్ నంబరు రాయండి. రెండు జాబితాలూ రెండేసి కాపీలు.

డబ్బు విషయం. 10,000 కెనడియన్ డాలర్లు లేదా అంతకు మించి నగదు, చెక్కులు చేతిలో ఉంటే చెప్పాలి. అమెరికా నుంచి బయటికి తీసుకెళ్లేటప్పుడు 10,000 అమెరికన్ డాలర్లు దాటితే ఫిన్‌సెన్ 105 అనే ఫారం అమెరికా వైపు వేయాలి. అసలు నగదు ఎందుకు? ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ కింద వచ్చినవాళ్లు సెటిల్‌మెంట్ ఫండ్స్ (స్థిరపడటానికి సరిపడా డబ్బు) చూపించాలి గానీ, తాజా బ్యాంక్ స్టేట్‌మెంట్లే అందుకు సరిపోతాయి. ఫోన్‌లో యాప్ చూపిద్దామనుకోవద్దు, ప్రింటు తీసుకెళ్లండి.

ఏ వంతెన, ఏ రోజు

24 గంటలూ పనిచేసే పెద్ద పోర్టు ఎంచుకోండి. బఫెలో దగ్గర పీస్ బ్రిడ్జి, నయాగరా దగ్గర రెయిన్‌బో, లూయిస్టన్-క్వీన్‌స్టన్, డెట్రాయిట్ దగ్గర అంబాసిడర్ బ్రిడ్జి, వాషింగ్టన్ వైపు పీస్ ఆర్చ్, పసిఫిక్ హైవే. నయాగరాలో జీపీఎస్‌ని గుడ్డిగా నమ్మితే వర్ల్‌పూల్ వంతెనకు తీసుకెళ్లొచ్చు, అది నెక్సస్ కార్డు (ముందే తనిఖీ అయిన ప్రయాణికులకిచ్చేది) ఉన్నవాళ్లకు మాత్రమే. రెయిన్‌బో మీద నడిచి కూడా దాటొచ్చు. కానీ జలపాతం చూడ్డానికి వచ్చే జనం వల్ల ఎండాకాలం వారాంతాల్లో అక్కడ బారులు తీరతాయి.

మంగళ, బుధవారాల ఉదయం బాగుంటుంది. ఆఫీసు వేళల్లో పని అయితే మధ్యాహ్నం సర్వీస్ కెనడాకు వెళ్లి సిన్ (సోషల్ ఇన్సూరెన్స్) నంబరు కూడా తెచ్చుకోవచ్చు. లాంగ్ వీకెండ్లు వదిలేయండి, ఇరువైపుల సెలవులూ చూసుకోవాలి.

కారు అద్దెదైతే కెనడాకు తీసుకెళ్లే అనుమతి ఒప్పందంలో ఉండాలి. సొంతదైతే ఇన్సూరెన్స్ కంపెనీని కెనడా నాన్-రెసిడెంట్ కార్డు అడగండి, అడిగితే పంపిస్తారు. గ్లవ్‌బాక్స్‌లో పెప్పర్ స్ప్రే ఉంటే ఇంట్లో పెట్టి రండి, కెనడాలో అది నిషిద్ధం. అమెరికాలో చాలామంది ఆడవాళ్ల కీ చైన్‌కే అది వేలాడుతుంటుంది, ఎవరికీ గుర్తుండదు.

బూత్ దగ్గర, లోపల

మొదటి బూత్‌లో ఎందుకొచ్చారని అడిగితే సూటిగా, పర్మనెంట్ రెసిడెంట్లుగా ల్యాండ్ అవ్వడానికి వచ్చాం, సీఓపీఆర్‌లు ఉన్నాయి అని చెప్పండి. నయాగరా చూడ్డానికి అని మొదలుపెట్టి లోపలికెళ్లాక అసలు సంగతి చెప్పడం అనవసరపు అనుమానానికి దారి. వాళ్లు ఒక చీటీ ఇచ్చి, కారు పక్కన పెట్టి ఇమిగ్రేషన్ కౌంటర్‌కు వెళ్లమంటారు.

అక్కడి ప్రశ్నలు ఇంచుమించు ముందే తెలిసినవే. నేరం రుజువైందా, కెనడా ఎప్పుడైనా రానివ్వలేదా, వెళ్లిపొమ్మందా, ఇంట్లో చెప్పనివాళ్లెవరైనా ఉన్నారా, డబ్బెంత తెచ్చారు, ఎక్కడ ఉంటారు. మళ్లీ అమెరికా వెళ్తున్నారా అంటే దాచొద్దు. ఉద్యోగం సర్దుకోవాలి, పిల్లల స్కూలు జూన్‌కి అయిపోతుంది, ఆ తర్వాత వస్తాం అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. వెళ్లి రావడం నేరం కాదు, అబద్ధం చెప్పడం నేరం. తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే ఐదేళ్ల నిషేధం ఉంటుంది. ప్రొవిన్షియల్ నామినేషన్ (ఒక కెనడా రాష్ట్రం చేసే ఎంపిక) మీద వచ్చినవాళ్లకు ఇక్కడ ఒక ముల్లుంది. సస్కాచెవాన్ నామినేట్ చేస్తే, అడ్రసు మాత్రం ఒంటారియోలోని బ్రాంప్టన్‌లో ఉన్న స్నేహితుడిది ఇస్తే, సస్కాచెవాన్‌లో స్థిరపడే ఉద్దేశం ఉందా అని అడగడం సహజం. దానికి నిజమైన జవాబు మీ దగ్గర ఉండాలి.

సీఓపీఆర్ మీద సంతకం ఇంట్లో పెట్టేసి రావద్దు, ఆఫీసర్ పెట్టమన్నప్పుడే పెట్టాలి. వాళ్లు తేదీ, చోటు వేసి మీ కాపీ ఇస్తారు. కౌంటర్ వదలకముందే పేరు, తేదీ, మెయిలింగ్ అడ్రసు మరోసారి చదవండి. ఆ తర్వాత కస్టమ్స్ కౌంటర్‌కు వెళ్లి సామాన్ల జాబితాలు ఇవ్వండి. తొందరగా వెళ్లిపోవాలని చూసే ఆఫీసర్ తర్వాత చూసుకోవచ్చులే అన్నా, ఫారం కావాలని నెమ్మదిగా అడిగి తీసుకోండి.

తిరుగు బూత్

అమెరికా ఆఫీసర్‌కు పాస్‌పోర్టు ఇచ్చి, హెచ్-1బీ మీద పనిచేస్తున్నానని, స్టాంపు గడువు తీరిపోయి ఉంటే ఆటోమేటిక్ రీవాలిడేషన్ మీద వస్తున్నానని మీరే ముందు చెప్పండి. ఎందుకెళ్లారంటే కెనడా పీఆర్ ల్యాండింగ్‌కు అని చెప్పొచ్చు, దాచాల్సిందేమీ లేదు. అడగకుండా మొత్తం కథ చెప్పాల్సిన పని కూడా లేదు.

చాలాసార్లు పాత ఐ-94 మీదే పంపేస్తారు. కొన్నిసార్లు కొత్తది ఇస్తారు. ఇక్కడే అసలు గోతి. పాస్‌పోర్టు గడువు ఐ-797 కంటే ముందే తీరిపోతుంటే, కొత్త ఐ-94ను పాస్‌పోర్టు తేదీకే కత్తిరిస్తారు. చెల్లేది చివరగా ఇచ్చిన ఐ-94. ఐ-797 మీద 2028 ఉంది కదా అని ధీమాగా ఉండి, కొత్త ఐ-94 మీద 2027 అని ఉన్నది చూడక స్టేటస్ పోగొట్టుకునేవాళ్లు ఉంటారు. ఇంటికొచ్చిన రెండు రోజుల్లో సీబీపీ సైటులో అందరి ఐ-94లూ చూసి, పీడీఎఫ్ దాచుకోండి. తేదీ తగ్గితే కంపెనీ లాయర్‌కు వెంటనే పంపండి. పాస్‌పోర్టు గడువు దగ్గరపడుతుంటే, దాన్ని రెన్యూ చేయించుకున్నాకే ల్యాండింగ్‌కు వెళ్లడం నయం, సీఓపీఆర్ గడువు అందుకు వీలిస్తే.

పీఆర్ కార్డు, 730 రోజులు

పీఆర్ కార్డును ఐఆర్‌సీసీ కెనడా అడ్రసుకే పంపుతుంది, అమెరికాకు పంపదు. ల్యాండింగ్ రోజు నుంచి 180 రోజుల లోపల అడ్రసు ఇవ్వకపోతే మళ్లీ ఫీజు కట్టి కార్డుకు దరఖాస్తు పెట్టాలి. స్నేహితుడి అడ్రసు ఇస్తే, వాళ్ల మెయిల్‌బాక్స్ మీద మీ పేరు అంటించమని చెప్పండి. అపార్ట్‌మెంట్ నంబర్ మరిచిపోయినా కార్డు వెనక్కి పోతుంది.

కార్డు రాకముందు కెనడాకు మళ్లీ వెళ్లాలంటే సొంత కారులో సీఓపీఆర్, పాస్‌పోర్టు చూపించి వెళ్లొచ్చు. విమానం, బస్సు, రైలు ఎక్కాలంటే పీఆర్ కార్డో, కాన్సులేట్ ద్వారా తెచ్చుకునే ట్రావెల్ డాక్యుమెంటో ఉండాలి.

హోదా నిలబడాలంటే ప్రతి ఐదేళ్లలో 730 రోజులు కెనడాలో ఉండాలి. కార్డు మీద ఐదేళ్లు ఉంది కదా అని చివరి ఏడాది చూద్దాం అనుకుంటే లెక్క కుదరదు. ల్యాండింగ్ అయిన మూడేళ్లకల్లా సామాను సర్దుకుని వెళ్లి, అక్కడే ఉండిపోతేనే ఐదేళ్లు నిండేసరికి 730 పూర్తవుతాయి. ఆ తర్వాత ఏ రోజు లెక్కేసినా వెనకటి ఐదేళ్లే చూస్తారు. రోజులో కొంచెం సేపు ఉన్నా ఆ రోజు లెక్కలోకి వస్తుంది, ల్యాండింగ్ రోజుతో సహా. కెనడా పౌరులైన భర్తతోనో భార్యతోనో కలిసి బయట ఉన్న రోజులు కూడా కలుస్తాయి. అమెరికా కంపెనీకి అమెరికాలో పనిచేసిన రోజులు కలవవు.

ల్యాండ్ అయినంత మాత్రాన ఆరోగ్య బీమా, పిల్లల భత్యం రావు, అవి అక్కడ నివసించేవాళ్లకు. ఏదీ క్లెయిమ్ చేయకండి. పన్ను కూడా పీఆర్ హోదాను బట్టి కాకుండా ఇల్లు, భార్యాపిల్లలు ఎక్కడున్నారన్నదాన్ని బట్టి తేలుతుంది. భార్యాపిల్లల్ని టొరంటోలో ఉంచి మీరు ఒక్కరే అమెరికాలో పనిచేసే ఆలోచన ఉంటే, ఆ ఏడాది మొదలవ్వకముందే రెండు దేశాల పన్నులూ తెలిసిన అకౌంటెంట్‌ని కలవండి.

సంతకమైన సీఓపీఆర్‌ను స్కాన్ చేసి దాచండి, లామినేట్ మాత్రం చేయించొద్దు.